సరిహద్దుకు అటు బడి, ఇటు ఇల్లు

మొన్న జూన్‌లో ఒక సాయంత్రం పాతపట్నం నుంచి ఒక తండ్రి, ఆయన పెద్దకూతురు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. ఆయన చేతిలో బట్టల కొట్టువాళ్లిచ్చే దళసరి కవరు. అందులోంచి కాగితాలు ఒక్కొక్కటే తీసి పరిచాడు. ఆధార్ కార్డులు, రైస్ కార్డు, కులం కాగితం, ఆదాయం కాగితం, అమ్మాయి పదో తరగతి మార్కుల లిస్టు, ఇంటర్ మెమో, ఈఏపీసెట్ ర్యాంకు కార్డు. గాలికి ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి పెట్టాడు.

"చూడండి మాస్టారూ, ఇందులో ఏటి తక్కువైందో. మా గుంట లోకల్ కాదంటన్నారు. మాది పాతపట్నం. మా తాత పుట్టిందీ అక్కడే, పోయిందీ అక్కడే. ఓటక్కడే, ఇంటిపన్నక్కడే. మరి మేం లోకల్ కాకపోతే ఎవరు లోకలు?"

కాగితాల్లో తక్కువైంది ఏమీ లేదు. అమ్మాయి ఒకటి నుంచి పది దాకా పర్లాకిమిడిలో చదివింది. ఇంటి ముందుకు ఆటో వచ్చేది, ఇంగ్లీషు మీడియం, ఫీజు అందుబాటులో ఉంది, పైగా మేనత్త ఇల్లు బడి పక్కనే. ఇంటర్‌కి మాత్రం శ్రీకాకుళం హాస్టల్లో వేశారు. పాతపట్నం ఆంధ్రలో ఉంది, పర్లాకిమిడి ఒడిశాలో ఉంది. రెండు ఊళ్లనూ కలిపే రోడ్డు మీద ఎక్కడ రాష్ట్రం మారిందో బోర్డు చూస్తే తప్ప తెలీదు. కానీ ఆంధ్రలో కాలేజీ సీటు దగ్గర లోకల్ అనే మాటకు ఇల్లు ఎక్కడుందన్నది అర్థం కాదు. బడి ఎక్కడుందన్నది అర్థం. అర్హత పరీక్ష మొదటిసారి రాసిన ఏడాదితో ముగిసే నాలుగు వరస విద్యాసంవత్సరాలు ఎక్కడ చదివారన్నదే లెక్క. ఇంజనీరింగుకు అర్హత పరీక్ష ఇంటర్. కాబట్టి ఆ నాలుగేళ్లు తొమ్మిది, పది, ఇంటర్ మొదటి ఏడు, రెండో ఏడు. ఆ పిల్లకు ఇందులో రెండే ఆంధ్రలో ఉన్నాయి.

ఇదంతా చెప్పాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్న మాట ఒకటే: "అప్పుడు ఎవరూ చెప్పలేదు బాబూ."

ముప్పై ఏళ్లుగా పర్లాకిమిడిలో ట్యూషన్లు చెప్పుకుంటూ, సాయంత్రాలు ఇరుగుపొరుగు వాళ్ల దరఖాస్తులు నింపి పెడుతూ ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో. బడి, పెళ్లి, కార్డు, ఉద్యోగం కోసం మారిన ఊరు, వీటిలో ఏదో ఒకటి ఎప్పుడో ఎంచుకుంటారు. పదేళ్ల తర్వాత అది ఎదురొచ్చి నిలబడుతుంది. అప్పుడు చుట్టాలు రెండే మాటలు అంటారు. ఒకటి "నుదుట రాసుంది". రెండోది "చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత". ఈ రెండు మాటలూ నాకు సమ్మతం కాదు. నుదుటి రాతకూ చేసిన తప్పుకూ మధ్యలో మూడోది ఒకటుంది. అది రూలు. మన ఎంపిక ఏ ఫలితంగా తేలుతుందో చాలాసార్లు అదే తేలుస్తుంది. దాన్ని ఎవరూ ముందుగా చదివి వినిపించరు. అందుకే ఈ చిక్కుముడిని నాకు తెలిసినంత మేర విప్పి చెప్పాలనుకుంటున్నాను.

ఈ గీత ఎప్పటిదో ముందు చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. అప్పటి దాకా గంజాం జిల్లా అంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. బరంపురం, పర్లాకిమిడి పట్టణాలు ఒడిశాలోకి వెళ్లాయి. ఇచ్ఛాపురం, టెక్కలి, పాతపట్నం మద్రాసు వైపు ఉండిపోయాయి. పర్లాకిమిడి జమీందారీయే రెండుగా చీలింది. కానీ చుట్టరికాలు చీలలేదు. 1900లో మహారాజావారు నౌపడా నుంచి వేయించిన చిన్న రైలు చీలలేదు. పాతపట్నం నీలమణి దుర్గమ్మ గుడికి ఒడిశా నుంచి వచ్చే జనం తగ్గలేదు. పెళ్లిళ్లు అటూ ఇటూ అవుతూనే ఉన్నాయి, సంత అటూ ఇటూ సాగుతూనే ఉంది. జీవితం ఒకటే, దాన్ని కొలిచే బద్దలు రెండు. ఇక్కడి చిక్కంతా అదే.

ఈ గీత మీద నిలబడి ఎంపిక చేసుకున్న పెద్దవాళ్లలో నాకు ముందు గుర్తొచ్చేది గిడుగు రామమూర్తి పంతులుగారు. మా ఊరి బడిలోనే పాఠాలు చెప్పారు. కొండల మీది సవరల భాష నేర్చుకోవాలని ఎవరూ ఆయనకు పురమాయించలేదు. తనే పూనుకుని నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే బడులు పెట్టించారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు తయారుచేశారు. అడవుల్లో తిరగడం వల్ల మలేరియా పట్టుకుంది. దానికి క్వినైన్ వాడితే వినికిడి పోయింది. జీవితమంతా జనం నోటి మాట కోసం పోరాడిన మనిషికి ఆ మాటే వినపడకుండా పోయింది. ఆ సంగతి పిల్లలకు చెప్పేటప్పుడు నా గొంతు ఇప్పటికీ పట్టుకుంటుంది. ఆయన చేసుకున్న రెండో పెద్ద ఎంపిక 1936 నాటిది. పర్లాకిమిడిని ఒడిశాలో కలపడాన్ని గట్టిగా వ్యతిరేకించిన ఆయన, కొత్త రాష్ట్రం ప్రారంభమయ్యే రోజు ఉదయమే ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. 1940లో కన్నుమూసే దాకా మిగతా బతుకు అక్కడే గడిపారు.

పంతులుగారికి ఏది వదులుతున్నారో తెలుసు. మా అరుగు మీద కూర్చున్న తండ్రికి తెలీదు. ఆయన ఆటో వచ్చే బడిని ఎంచుకున్నాననే అనుకున్నాడు. ఆ ఎంపికతో పాటు కూతురి లోకల్ హోదాను కూడా వదులుకుంటున్నానని ఆయనకు ఎవరు చెప్పారు? ఫలితం ఇద్దరిదీ గట్టిదే. కానీ తెలిసి ఒప్పుకున్న ఫలితాన్నీ తెలియక నెత్తిన పడిన ఫలితాన్నీ ఒకే తక్కెడలో తూచకూడదు.

ఇక రూలు దగ్గరికి వద్దాం. ఈ లోకల్ లెక్క పుట్టింది మా సరిహద్దు కోసం కాదు. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చాక, రాష్ట్రం లోపలి ప్రాంతాల మధ్య సర్దుబాటు కోసం 1973లో ఆరు సూత్రాల పథకం తెచ్చారు. దాన్ని అమలు చేయడానికి రాజ్యాంగానికి 32వ సవరణ చేసి 371డి అధికరణం చేర్చారు. దాని కింద కాలేజీ సీట్లకు 1974లో, ఉద్యోగాలకు 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. సీట్లలో 85 శాతం స్థానికులకు. అప్పటి గొడవంతా ఆంధ్ర, రాయలసీమ, తెలంగాణల మధ్య. ఎక్కడో ఉత్తరపు చివర, పొద్దున్నే ఆటో ఎక్కి పక్క రాష్ట్రం బడికి వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికొచ్చే పిల్ల సంగతి అప్పుడు ఎవరికీ తట్టి ఉండదు. వేరేవాళ్ల తగవు తీర్చడానికి పన్నిన వలలో మా పిల్లలు చిక్కుకున్నారు.

అందులోనూ సీటుకు ఒక కొలత, ఉద్యోగానికి ఇంకో కొలత. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆంధ్రలో ఉద్యోగానికి అర్హత పరీక్షగా చూసేది పదో తరగతి. అంటే ఏడు నుంచి పది దాకా నాలుగేళ్లు ఒకేచోట చదివి ఉండాలి. అలా కుదరకపోతే, నాలుగు నుంచి పది దాకా ఏడేళ్లూ ఆంధ్రలోనే చదివి ఉంటే, వాటిలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు. అందుకే డీఎస్సీ అయినా మరోటయినా సరే, నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు తెమ్మంటారు. ఆ నాలుగేళ్లలో పూర్తిగా గానీ కొంతకాలం గానీ ఏ బడిలోనూ చదవనివాళ్లకు మాత్రమే నివాసం లెక్కలోకి వస్తుంది. కాబట్టి పర్లాకిమిడిలో ఎనిమిది దాకా చదివి తొమ్మిదికి టెక్కలి వచ్చిన పిల్లవాడు ఇంజనీరింగ్ సీటుకు లోకల్ అవుతాడు, టీచరు ఉద్యోగానికి కాకపోవచ్చు. పది దాకా టెక్కలిలో చదివి ఇంటర్‌కి పర్లాకిమిడి వచ్చిన పిల్లవాడి సంగతి దీనికి తలకిందులు. ఏడు నుంచి పది దాకా నాలుగేళ్లూ టెక్కలిలో ఉన్నాయి కాబట్టి ఆ కాగితాలు వాడికి ఉద్యోగం దగ్గర బలం, సీటు దగ్గర మాత్రం బలం లేదు. ఒకే పిల్లవాడు ఒకే ఇంట్లో కూర్చుని ఒక దరఖాస్తులో ఊరివాడు, ఇంకో దరఖాస్తులో పరాయివాడు.

లోకల్ కాకపోతే దారి మొత్తం మూసుకుపోయినట్టు కాదు. మిగిలిన 15 శాతం సీట్లు ఉన్నాయి. తల్లి గానీ తండ్రి గానీ పదేళ్లు ఆంధ్రలో నివాసం ఉంటే ఆ పిల్లలు వాటికి పోటీ పడొచ్చు. మా అరుగు మీది అమ్మాయికి ఆ దారి ఉంది. కాకపోతే దారి ఇరుకు. అందులో లోకల్ పిల్లలు కూడా మెరిట్ మీద వస్తారు. నిబంధనలు అప్పుడప్పుడు మారుతుంటాయి కనుక ఏ ఏడాది నోటిఫికేషన్ ఆ ఏడాది చూసుకోవాలి.

ఒడిశా వైపు కొలత వేరు. అక్కడ రాష్ట్ర ఉద్యోగానికి ఒడియా రావాలి. మాట్లాడితే చాలదు, కాగితం చూపించాలి. ఏడో తరగతి గానీ ఆ పైది గానీ ఒడియా ఒక భాషగా పాసై ఉండాలి. లేదా పదో తరగతి ఒడియా మీడియంలో రాసి ఉండాలి. అదీ లేకపోతే మిడిల్ స్కూలు స్థాయి ఒడియా పరీక్ష విడిగా రాసి పాసవ్వాలి. మా వీధిలో ఒడియా గలగలా మాట్లాడే తెలుగు కుర్రాళ్లు ఉన్నారు. బజారంతా ఆ భాషే కాబట్టి నోటికి వచ్చేసింది. బడిలో మాత్రం తెలుగు, ఇంగ్లీషు, హిందీ తీసుకున్నారు. నోటిఫికేషన్ వచ్చిన రోజున ఒడియా పాసైన కాగితం లేదు. కానీ ఈ ముడి విప్పుకోవచ్చు. ముప్పై ఏళ్లకైనా కూర్చుని అక్షరాలు దిద్దుకుని ఆ పరీక్ష రాయొచ్చు. ఆంధ్ర లోకల్ హోదా అలాంటిది కాదు. ఏడో తరగతి మళ్లీ చదవలేం. ఇంటర్ రెండోసారి రాసినా మొదటిసారి రాసిందే లెక్క.

ఎంపికల గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. తర్వాత దిద్దుకోగలిగినవి ఉంటాయి, దిద్దుకోలేనివి ఉంటాయి. మనవాళ్లు దిద్దుకోగలిగిన వాటి మీద నెలల తరబడి తర్జనభర్జన పడతారు. ఏ గ్రూపు, ఏ కోచింగు, ఏ ఊరి హాస్టలు? దిద్దుకోలేనిదాన్ని ఆటో ఏ వేళకొస్తుందో చూసి తేల్చేస్తారు. తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆటో నిజంగా పెద్ద విషయమే. తెల్లవారుజామునే లేచి జీడిపప్పు బట్టీకి పనికెళ్లే తల్లికి, ఆరేళ్ల పిల్లను గుమ్మం ముందు ఎక్కించుకుని గుమ్మం ముందే దింపే బండి కంటే పెద్ద విషయం ఏముంటుంది?

రెండు భాషలూ బడిలో చదివిన పిల్లలకు మేలు కూడా ఉంది. దాన్ని చెప్పకుండా వదిలేస్తే లెక్క సగమే అవుతుంది. బ్యాంకు గుమాస్తా ఉద్యోగాలకు ఏ రాష్ట్రంలో దరఖాస్తు పెడితే ఆ రాష్ట్రం భాష రావాలి. పదిలోనో ఇంటర్‌లోనో ఆ భాష చదివినట్టు మార్కుల లిస్టులో ఉంటే విడిగా భాషా పరీక్ష పెట్టరు. తెలుగూ ఒడియా రెండూ రాయగల పిల్లకు రెండు రాష్ట్రాల గుమ్మాలూ తెరిచినట్టే. మా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి అలాగే ఈ రోజు బరంపురం బ్రాంచిలో కౌంటర్ దగ్గర కూర్చుని తెలుగు ముసలమ్మలకు తెలుగులో, ఒడియా రైతులకు ఒడియాలో పాసుపుస్తకం చదివి చెబుతోంది. వాళ్ల నాన్న అప్పట్లో ఏ రూలూ చూడలేదు. ఇంట్లో తెలుగు పోకూడదు, వీధిలో ఒడియా రాకపోతే కుదరదు అనుకున్నాడు, అంతే.

ఇప్పుడు పెళ్లి సంగతి. ఇది మా ఇంటి కథతోనే చెప్తాను.

మా ఆవిడది టెక్కలి. చదువంతా అక్కడే, బీఈడీ కూడా చేసింది. 1995లో పెళ్లయి పర్లాకిమిడి వచ్చింది. 1998లో ఆంధ్రలో డీఎస్సీ పడింది. తను వివరం కనుక్కుందామని ఒక ఆఫీసుకు వెళ్లింది. అక్కడ కిటికీ దగ్గర కూర్చున్నాయన కాగితాలు చూడకుండానే, "పెళ్లయి ఒడిశా వెళ్లిపోయారు కదమ్మా, ఇంక మీకిక్కడ లోకలేంటి?" అన్నాడు. తిరిగొచ్చి సంచి గోడకు తగిలించి, "మనకు లేదటండీ" అంది. నేనూ సరే అన్నాను. చదువుకున్నవాణ్ణి, పది మందికి చెప్పేవాణ్ణి, ఆ ఉత్తర్వు తీసి ఒక్కసారి చదవాలని నాకు తోచలేదు.

ఆయన చెప్పింది తప్పు. లోకల్ హోదా బడితో వస్తుంది, పెళ్లితో పోదు. ఏడు నుంచి పది దాకా టెక్కలిలో చదివిన మనిషి ఒడిశాలో కాపురం చేసినా, ఎక్కడ కాపురం చేసినా శ్రీకాకుళం జిల్లా లోకలే. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత, ఇంకొకరి దరఖాస్తు నింపుతూ తెలిసింది. అప్పటికి తనకు వయసు దాటిపోయింది. ఆ రాత్రి అన్నం దగ్గర ఈ మాట చెప్తే, "అయితే రాసుండొచ్చన్నమాట" అని, కాసేపాగి, "మజ్జిగ వేసుకోండి" అంది. రాస్తే వచ్చేదో లేదో ఎవరికీ తెలీదు. కానీ రాయకపోవడం తన ఎంపిక కాదు. ఒక తప్పుడు మాటను నేను ప్రశ్నించకపోవడం వల్ల అలా అయింది. ఇందులో ఆ ఆఫీసాయన వాటా ఉంది, నా వాటా కూడా ఉంది. మా ఆవిడ వాటా ఎంతో చెప్పమంటే మాత్రం నాకు చేతకాదు.

దీనికి ఎదురు కథ కూడా అంతే నిజం. పర్లాకిమిడిలో పుట్టి, అక్కడే చదివి, పాతపట్నం కోడలైన పిల్లకు ఆంధ్రలో రైస్ కార్డు వస్తుంది, ఓటు వస్తుంది. ఉద్యోగం దగ్గర లోకల్ హోదా మాత్రం రాదు. ఎన్నేళ్లు కాపురం చేసినా రాదు. పిల్లనిచ్చేటప్పుడు కట్నం, బంగారం, పొలం గట్టు, అత్తగారి నోరు, అన్నీ విచారిస్తాం. పిల్ల డిగ్రీ ఏ రాష్ట్రంలో పనికొస్తుందో ఏ పెళ్లిచూపుల్లోనూ ఎవరూ అడగడం నేను వినలేదు.

కులం కాగితం దగ్గర ముడి ఇంకా గట్టిది. ఎస్సీ, ఎస్టీ జాబితాలను రాజ్యాంగం 341, 342 అధికరణాల కింద రాష్ట్రాల వారీగా ప్రకటించారు. అంటే ఒక కులం పేరు ఫలానా రాష్ట్రానికి సంబంధించినంత వరకే ఆ జాబితాలో ఉన్నట్టు. సవరలు ఆంధ్ర జాబితాలోనూ ఉన్నారు, ఒడిశా జాబితాలోనూ ఉన్నారు. పేరు ఒకటే, మనుషులు ఒకటే, మహేంద్రగిరికి అటూ ఇటూ ఉన్న అన్నదమ్ములు. అయినా ఆంధ్రలో పుట్టి పెరిగిన సవర కుర్రాడు పని వెతుక్కుంటూ గుణుపూర్ వచ్చి స్థిరపడితే ఒడిశా రిజర్వేషన్ వర్తించదు. సొంత రాష్ట్రంలో హక్కు పోదు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకూ పోదు. వచ్చి చేరిన రాష్ట్రంలో మాత్రం కొత్తగా రాదు.

దీన్ని సుప్రీంకోర్టు తేల్చిన కేసు ఒక తెలుగు కుటుంబానిదే. తెనాలిలో పుట్టిన కుర్రాడు. తండ్రికి ఆంధ్రలో ఎస్టీ ధ్రువపత్రం ఉంది. దాని మీదే బొంబాయిలోని ప్రభుత్వ రంగ ఎరువుల సంస్థలో ఉద్యోగం వచ్చింది. కుర్రాడు తొమ్మిదేళ్ల వయసు నుంచి బొంబాయిలోనే పెరిగాడు, చదివాడు. మెడిసిన్‌లో ఎస్టీ సీటు అడిగితే మహారాష్ట్ర జాబితాలో అతను లేడన్నారు. దేశంలో ఎక్కడైనా స్థిరపడే హక్కు పౌరుడికి ఉంది కదా, స్థిరపడినందుకు ఉన్న రక్షణ పోవడం ఏమి న్యాయమని కోర్టుకు వెళ్లాడు. 1990లో తీర్పు వ్యతిరేకంగా వచ్చింది. ఒక కులం వెనకబాటు ఆ రాష్ట్రపు పరిస్థితుల్లో కొలిచింది, ఇంకో రాష్ట్రంలో దాన్నే వర్తింపజేస్తే అక్కడి వెనకబడినవారికి నష్టమని కోర్టు తర్కం. 2018లో రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే మాటను ఖాయం చేసింది. ఆ తర్కంలో బలం ఉందని నేను ఒప్పుకుంటాను. రాయగడ కొండల మీది బిడ్డకు దక్కాల్సిన సీటు బయటి నుంచి వచ్చి స్థిరపడినవాళ్లకు పోకూడదు. కానీ తెనాలి నుంచి బొంబాయి వెళ్లిన ఆ తండ్రి ఉద్యోగం ఒప్పుకున్న రోజు గురించి నేను తరచూ ఆలోచిస్తాను. పిల్లాడి బాగు కోసమే వెళ్లి ఉంటాడు.

పెళ్లి ఇక్కడా అంతే. కులం పుట్టుకతో వచ్చేది, పెళ్లితో మారేది కాదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. వేరే రాష్ట్రం నుంచి కోడలిగా వచ్చిన స్త్రీకి అత్తవారి రాష్ట్రంలో ఎస్సీ రిజర్వేషన్ వర్తించదని 2018లోనే ఇంకో తీర్పు ఉంది. ఆమె పిల్లలకు మాత్రం సాధారణంగా తండ్రి కులాన్ని బట్టి, తండ్రి రాష్ట్రంలో హక్కు ఉంటుంది. ఒకే గడపలో తల్లిది ఒక రాష్ట్రం కాగితం, పిల్లలది ఇంకో రాష్ట్రం కాగితం. ఇది తెలియక తల్లి పుట్టింటి కాగితాన్ని పనికిరానిదని పెట్టె అడుగున పారేసినవాళ్లు ఉన్నారు. పారేయకండి. పుట్టింటి రాష్ట్రం ఉద్యోగానికీ కేంద్ర ఉద్యోగానికీ ఆమెకు అదే ఆధారం.

మూడో ముడి రెండు కార్డులది. ఒడిశాలో 2024 నుంచి సుభద్ర పథకం ఉంది. 21 నుంచి 60 ఏళ్ల మధ్య ఆడవాళ్లకు ఐదేళ్లలో 50 వేలు. ఆంధ్రలో 2025 నుంచి తల్లికి వందనం కింద బడికెళ్లే పిల్లకు ఏడాదికి 13 వేలు తల్లి ఖాతాలో పడుతున్నాయి. పుట్టిల్లు ఒకవైపు, అత్తిల్లు ఇంకోవైపు ఉన్న మనిషికి రెండు చోట్లా పేరు ఉంచుకుందామనిపించడం సహజం. కొరాపుట్ జిల్లా కొటియా గ్రామాల్లో అయితే ఇది ఆశ కూడా కాదు. ఆ ఊళ్లు మావంటే మావని 1968 నుంచి రెండు రాష్ట్రాలూ సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. ఇద్దరూ వచ్చి కార్డులిస్తారు, ఇద్దరూ వచ్చి ఎన్నికలు పెడతారు. రేపు ఊరు ఎవరిదవుతుందో తెలియని మనిషి రెండు కార్డులూ దాచుకుంటే నేను తప్పు పట్టలేను.

తగాదా లేని మా ఊళ్లలో మాత్రం సంగతి వేరు. ఓటు ఒక్క నియోజకవర్గంలోనే ఉండాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది. అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు, జరిమానా ఉండొచ్చు. అంతదాకా వెళ్లకపోయినా ఆధార్ చిరునామా ఒకటే ఉంటుంది కనుక ఎక్కడో ఒకచోట పేరు ఎగిరిపోతుంది. ఎక్కడ ఎగిరిపోతుందో మన చేతిలో ఉండదు. గట్టిగా ఉంచుకోవలసింది పోయి, ఆశపడి చేర్చుకున్నది మిగిలిన ఇళ్లు చూశాను. రేషన్ బియ్యం కోసమైతే ఆ ప్రయాసే అక్కర్లేదు, ఉన్నది జాతీయ ఆహార భద్రత చట్టం కింది కార్డయితే దానితోనే పక్క రాష్ట్రం డిపోలో వేలిముద్ర వేసి తీసుకోవచ్చు.

ఇన్ని చెప్పి, "అందుకే ముందే అన్నీ తెలుసుకోవాలి" అని తల్లిదండ్రుల మీద పెట్టేయడం నాకు ఇష్టం లేదు. పొద్దున్న లేస్తే పని, రాత్రి పడుకునే దాకా పని ఉన్న మనుషులు 1974 నాటి ఉత్తర్వు చదువుతారా? ఆరో తరగతిలో చేర్చుకునే రోజున బడి గుమ్మం దగ్గర ఒక్క కాగితం అంటించొచ్చు: "మీ పిల్ల ఇక్కడ ఏడు నుంచి పది దాకా చదివితే ఆంధ్రలో ఇది వస్తుంది, ఇది రాదు. ఒడిశాలో ఇది వస్తుంది, ఇది రాదు." ఇటువైపు ఊరి సచివాలయంలో అంటించొచ్చు, అటువైపు తహసీల్ ఆఫీసులో అంటించొచ్చు. పెళ్లి రిజిస్ట్రేషన్‌కు వచ్చిన జంటకు చేతిలో పెట్టొచ్చు. తెలుగులో ఒక పక్క, ఒడియాలో ఒక పక్క. ఇది పెద్ద ఖర్చు కాదు. ఇలాంటి కాగితం నేను చేత్తో రాసి మా వీధి కిరాణా కొట్టు తలుపుకు అంటించి నాలుగేళ్లయింది. వర్షానికి తడిసిన ప్రతిసారీ కొట్టాయనే గుర్తుచేసి ఇంకోటి రాయించుకుంటున్నాడు.

మా అరుగు మీదికి వచ్చిన తండ్రి వారం తర్వాత మళ్లీ వచ్చాడు. అమ్మాయి 15 శాతం సీట్లకు ఆప్షన్లు పెట్టుకుంది, ఫలితం ఇంకా రావాలి. ఈసారి వెంట చిన్నవాణ్ణి తెచ్చాడు. వాడు ఆరో తరగతి అదే బడిలో పూర్తిచేసి ఏడులోకి వచ్చాడు.

"వీణ్ణి ఏ ఊళ్లో వెయ్యమంటారు మాస్టారూ? మీరేటంటే అదే."

నేను అనలేదు. అరుగు మీద బలపంతో గీత గీసి, అటు పర్లాకిమిడి, ఇటు పాతపట్నం అని రాసి, ఏ వైపు ఏం వస్తుందో ఏం పోతుందో ఒక్కొక్కటే చెప్పాను. తండ్రి విన్నాడు. వాడు అంతకంటే శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ఒకసారి ఆపి, "అటైతే తెలుగు ఉంటాదా? ఇటైతే ఒడియా ఉంటాదా?" అనడిగాడు. ఉంటాయో లేదో బడిలో అడిగి కనుక్కోవాలన్నాను.

వాడు గీతకు అటో కాలు ఇటో కాలు వేసి నిలబడి ఆలోచించాడు. "మా జట్టంతా పర్లాలోనే ఉంది" అన్నాడు. తర్వాత వాళ్ల నాన్న మొహం చూశాడు. "ఆటో అక్కర్లేదులే నాన్నా, సైకిలు కొను. పాతపట్నం బడికి నేనే తొక్కుకెళ్తాను."

తండ్రి నా వైపు చూశాడు. నేను బలపం వాడి చేతికిచ్చి, ముందు రెండు బడులకూ వెళ్లి ఏ ప్రశ్నలు అడగాలో అక్కడే అరుగు మీద రాసుకోమన్నాను.